అగ్నిశిలల నేలలో ద్రాక్ష: ఇటలీ రైతుల రీతి, మన హైదరాబాదు ద్రాక్ష గతి

నాంపల్లి స్టేషనులో రైలు దిగి అబిడ్సు వైపునకు నడచు రైతునకు త్రోవలో మొజంజాహీ మార్కెటు కనబడును. 1935లో నల్లరాతితో కట్టిన యీ కట్టడము చిరకాలము నగరపు పండ్ల వ్యాపారమునకు కేంద్రముగ నుండెను. తరువాత పండ్ల మార్కెటు గడ్డిఅన్నారమునకు, అచ్చటినుండి 2021లో బాటసింగారమునకు తరలిపోయినది. నేడు అబిడ్సు, నాంపల్లి వీధులలో జనవరి మొదలుకొని తోపుడు బండ్లపై అమ్మకమగు ద్రాక్షలో అధికభాగము మహారాష్ట్రమునుండి లారీలలో వచ్చు గింజలేని రకములే. హైదరాబాదు పేరును దేశమంతట చాటిన అనాబెషాహి గుత్తి యా బండ్లపై కనబడుట యరుదైనది.

ఇటీవల కొందఱు రైతులు ఒక ప్రశ్న వేయుచున్నారు. "ఇటలీ దేశమున అగ్నిపర్వతముల బూడిద నేలలో పండిన ద్రాక్షకు, దానినుండి తీసిన ఆసవమునకు లోకమంతట గిరాకి యున్నదట. మన వికారాబాదు, జహీరాబాదు ప్రాంతముల నల్లరేగడి గూడ అగ్నిశిలలనుండి పుట్టినదే గదా. మనమేల ఆ ధరలు పొందరాదు?" ప్రశ్న సమంజసమైనదే. అయితే దీనిలో సగము మాత్రమే నేలను గూర్చినది. తక్కిన సగము రకమును, పేరును, రైతుల కట్టుబాటును గూర్చినది. రెండవ సగమును మఱచి మొదటి సగమును నమ్ముకొని ఎకరమునకు లక్షలు పెట్టి కడీలు పాతి, తీగలు లాగి పందిళ్లు వేయువాడు నష్టపోవును. కావున యీ విషయమును కొంత విపులముగ వ్రాయుచున్నాము. మద్యపానమును ప్రోత్సహించుట యీ పత్రిక పని కాదు. ఇటలీ ఆసవమును గూర్చి చెప్పుట దాని వెనుకనున్న సేద్యమును, సహకారమును తెలుపుటకే.

ముందుగా నేల సంగతి. హైదరాబాదు నగరము నిలిచియున్నది అగ్నిపర్వతపు లావాపై గాదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సు దరినున్న నౌబతు పహాడు, గోలకొండ గుట్టలు, ఊరిచుట్టు కనబడు గుండ్రని బండలు అన్నియు గ్రానైటు శిలలే. వాని వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. ఆ రాయి చివికి ఏర్పడినదే మన ఎఱ్ఱ చెలక. ఇసుకపాలు హెచ్చుగ నుండి నీరు నిలువని నేల యిది. నగరమునుండి పడమరగ వికారాబాదు వఱకు పోయినచో రాయి మాఱును. అనంతగిరి కొండలు మొదలుకొని మహారాష్ట్రమున పశ్చిమ కనుమల వఱకు వ్యాపించియున్నది దక్కను లావా పీఠభూమి. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూమి పగుళ్లనుండి పొరలుపొరలుగ పొంగి పాఱిన లావా గడ్డకట్టి బసాల్టు శిలగ మాఱినది. నేటికిని అది సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పఱచుకొని యున్నది. ఆ శిల చివికి ఏర్పడినదే రేగడి. కొన్నిచోట్ల దానిపై ఎఱ్ఱని కంకర నేలయు కప్పియున్నది.

కావున అగ్నిశిలల నేల మనకు గలదనుట సత్యమే. కాని ఆ నేలయు ఇటలీ నేలయు ఒకటి గావు.

సిసిలీ ద్వీపమందలి ఎట్నా నేటికిని మండుచున్న పర్వతము. దాని వాలులపై సుమారు వేయి మీటర్ల ఎత్తు వఱకు ద్రాక్షతోటలు గలవు. అచ్చటి నేల నిన్నమొన్న పుట్టినది. బూడిద, నల్లని యిసుక, నురుగు రాయి కలిసి గుల్లగ నుండును. వానకు తడిసిన నీరు గంటలలో దిగిపోవును. వేరు నీటికై లోతునకు పోవలసివచ్చును గాని ఊపిరాడక కుళ్లదు. మన రేగడి కోట్ల సంవత్సరములుగ చివికి చివికి బంకమన్నుగ మాఱినది. తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు చేయి పట్టునంత నెఱ్ఱెలు విచ్చును. వానకాలమున నీరు నిలిచి వేళ్లకు గాలి యందదు. ఎండకాలమున నెఱ్ఱెలు విచ్చి సన్నవేళ్లను త్రెంచును. అడుగున సున్నపు గడ్డలున్నచో ఇనుము తీగకందక లేతాకులు పసుపు వన్నె దాల్చును. అందఱికి తెలిసిన పత్తి, జొన్న, కంది పైర్లకు రేగడి తల్లివంటిది. ద్రాక్షకు మాత్రము ఏర్పాట్లు లేనిదే సవతి తల్లియే.

ఎట్నా యిసుకనేలకు మఱియొక గుణము గలదు. 1860 తరువాత అమెరికానుండి ఐరోపాకు ఫిలాక్సెరా అను వేరుపురుగు చేరి కొన్ని దశాబ్దములలో ఆ ఖండమందలి ద్రాక్షతోటలను తుడిచిపెట్టెను. రైతులు తమ తీగలను అమెరికా జాతి తీగల మొదళ్లపై అంటుకట్టుకొని బ్రదుకవలసివచ్చెను. కాని ఆ పురుగు వదులైన యిసుకలో వేరునుండి వేరునకు పాకలేదు. ఆ కారణమున ఎట్నా వాలులందును, నేపుల్సు నగరమునకు చేరువనున్న వెసూవియసు వాలులందును సొంత వేళ్లపై నిలిచిన పాత తీగలు నేటికిని అక్కడక్కడ మిగిలియున్నవి. పాత తీగతోబాటు పాత రకమును నిలిచినది. ఇది నేల చేసిన మేలు.

ఇక ఆ రకముల మాట. ఎట్నాలో నల్లద్రాక్షకు నెరెల్లో మస్కలేజె యని పేరు. కొండ క్రింది మస్కలి అను ఊరిపేరు దానిలో గలదు. తెల్లద్రాక్షకు కర్రికాంతె యని పేరు. విరగకాయునది, బరువు మోయునది యని దాని భావము. వెసూవియసు వాలున పియెదిరొస్సో అను నల్లద్రాక్ష యున్నది. ఎఱ్ఱకాలు అని యర్థము. గుత్తి కాడ పావురపు కాలువలె ఎఱ్ఱగ నుండుటచే ఆ పేరు వచ్చెనందురు. కోడా ది వోల్పె యనగా నక్కతోక, గుత్తి ఆ రూపున వంగియుండును. చూడుడు, యివి పండితులు పెట్టిన పేర్లు గావు. మన యూళ్లలో వరికి, మామిడికి పెద్దలు పెట్టిన పేర్లవంటివే. వ్యాపారులు ఫ్రెంచి రకములను కోరినప్పుడును, ఆ రైతులలో కొందఱు తమ నక్కతోకను, ఎఱ్ఱకాలును పెరికివేయలేదు. నేడు ఆ పట్టుదలకే ధర పలుకుచున్నది.

పేరునకు చట్టము తోడైనది. ఇటలీ ప్రభుత్వము 1963లో ప్రాంతనామములను కాపాడు శాసనము చేసెను. ఎట్నా పేరు 1968లో దాని క్రింద చేరెను. వెసూవియసు పేరు 1983లో చేరెను. ఆ పేరు సీసాపై వేయగోరువాడు నియమిత హద్దులలో, నియమిత రకములనే పెంపవలెను. అంతేగాదు, ఎట్నాలో హెక్టారునకు సుమారు 9 టన్నులకు మించి దిగుబడి తీయరాదని కట్టడి గలదు. మన అనాబెషాహి సగటున హెక్టారునకు 35 టన్నులు కాయును. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో రెండు దేశముల రైతుల దారులెంత వేఱో తెలియగలదు. వారు పంటను తగ్గించి రుచిని, ధరను పెంచుకొనిరి. మనము బరువును పెంచితిమి. బరువునకు ధర పలికినన్నాళ్లు మన దారియు మంచిదే.

అయినను చట్టమొక్కటియే చిన్న రైతును నిలుపలేదు. ఇచ్చట సహకార సంఘము వచ్చును. ఇటలీలో దానిని కాంతీనా సోచాలె యందురు. రైతులందఱు కలిసి పెట్టుకొన్న ద్రాక్షాసవశాల యని భావము. వెరోనా చేరువనున్న సొఆవె అను ప్రాంతమున గుట్టలు మన దక్కను వలెనే బసాల్టు శిలలవి. అచ్చటి దేశవాళి తెల్లద్రాక్షకు గర్గానెగా యని పేరు. ఆ యూరి సహకార సంఘము 1898లో పుట్టి నేటికిని నడచుచున్నది. సభ్యులు వేల సంఖ్యలో నున్నారు. దక్షిణమున బసిలికాత యను పేద ప్రాంతములో వుల్తురె అను చల్లారిన అగ్నిపర్వతము గలదు. దాని చుట్టునున్న నల్లని అల్యానికో ద్రాక్ష వెనుక చౌకగ పోవుచుండెడిది. వెనోజా పట్టణమున 1957లో 27 మంది రైతులు కలిసి సంఘము పెట్టుకొనిరి. 1971లో అల్యానికో దెల్ వుల్తురె యను పేరునకు రక్షణ లభించెను. నేడు ఆ సంఘమున వందలాది కుటుంబములు సభ్యులు.

ఈ సంఘముల పద్ధతి మన సభ్యులు తప్పక గమనింపదగినది. సభ్యుడు తన ద్రాక్ష నంతయు సంఘమునకే తేవలెను. ధర బాగున్న యేట దళారికి, ధర లేని యేట సంఘమునకు తెచ్చుట కూడదు. కాటావద్ద బరువుతోబాటు రసములోని చక్కెర పాలును గూడ కొలుతురు. పండిన గుత్తికి ఒక ధర, పండని గుత్తికి ఒక ధర. కోతనాడు కొంత సొమ్ము ముందుగ ముట్టును. సరకు అమ్ముడుపోయిన పిమ్మట ఖర్చులు పోగా మిగిలినది సభ్యుల కాటా లెక్కనుబట్టి పంచుదురు. పాలసంఘములో వెన్నశాతమును బట్టి పాలకు ధర కట్టుట మనకు తెలిసినదే. ఇదియు నదియే. మన సంఘములు పలుచోట్ల దెబ్బతినునది సరిగా మొదటి నియమముననే. పొరుగూరి వ్యాపారి కిలోకు రెండు రూపాయలు హెచ్చు చూపగనే సభ్యుడు సంఘపు తలుపు మఱచును. మఱుసటి యేడు ఆ వ్యాపారి రాడు.

ఇప్పుడు మన యింటి చరిత్ర చూతము. దక్కను అగ్నిశిలలపై ద్రాక్ష పండించుట మనకు క్రొత్త గాదు. 14వ శతాబ్దిలో ఈ దేశము తిరిగిన ఇబన్ బటూటా అను మొరాకో యాత్రికుడు దౌలతాబాదులో ద్రాక్ష, దానిమ్మ యేడాదికి రెండుసార్లు కాయునని వ్రాసియుంచెను. దౌలతాబాదు కోట నిలిచినది బసాల్టు గుట్టపైననే. 1956 వఱకు ఆ ఔరంగాబాదు ప్రాంతమంతయు మన హైదరాబాదు రాష్ట్రములోనిదే.

ఏడాదికి రెండు కాపులని ఆయన వ్రాసిన మాటలో మన ద్రాక్ష సేద్యపు మర్మము ఇమిడియున్నది. ఇటలీలో చలికాలము రాగానే తీగ ఆకు రాల్చి నిద్రపోవును. మంచు విడిచిన తరువాత మేల్కొని, వేసవిలో పెరిగి, సెప్టెంబరు, అక్టోబరులలో పండును. ఏడాదికి ఒక కత్తిరింపు, ఒక పంట. మన యుష్ణదేశమున తీగకు నిద్ర లేదు. ఎప్పుడు కత్తిరించిన నప్పుడు చిగిర్చును. దాని యిష్టమునకు వదలినచో వానకాలమున పూసి, బూజు తెగులుతో పూత నల్లబడి రాలును. అందుచే దక్కను రైతులు తీగకు రెండు కత్తిరింపుల నియమము నేర్పిరి. ఏప్రిలులో పంట తీసిన పిదప ఒకటి రెండు కన్నులు మాత్రముంచి పొట్టిగ కత్తిరింతురు. ఆ కన్నులనుండి వచ్చిన కొమ్మలు వేసవి యెండలో పెరుగుచు, తమ కన్నులలో వచ్చు పంటకు కావలసిన పూమొగ్గను రహస్యముగ సిద్ధము చేసికొనును. ఆ నలుబది, అఱువది దినముల యెండయే రానున్న యేటి పంటను నిర్ణయించును. అప్పుడు ఆకులు క్రిక్కిరిసి కొమ్మపై నీడ పడినచో అక్టోబరులో ఎంత ఎరువు వేసినను గుత్తి రాదు. వానలు వెనుకబడిన పిమ్మట అక్టోబరులో, రకమునుబట్టి కొన్ని కన్నులుంచి రెండవ కత్తిరింపు చేయుదురు. ఆ చిగురుతో పూత వచ్చి, ఫిబ్రవరినుండి ఏప్రిలు వఱకు పండు తయారగును. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒక పంట. కొందఱు క్రొత్తవారు ఏప్రిలు కత్తిరింపును తేలికగ చూచుచున్నారు. అది సరిగాదు. గుత్తి కనబడునది అక్టోబరు తరువాతనే కాని, దాని పుట్టుక ఏప్రిలు తరువాతనే.

అనాబెషాహి యను పేరులో అనబు అనగా అరబ్బీ భాషలో ద్రాక్ష, షాహి యనగా రాజయోగ్యమైనది. సుమారు 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాను అను నాతడు దీనిని హైదరాబాదులో ప్రవేశపెట్టెనని వ్యవసాయ గ్రంథములు చెప్పును. గుత్తి పెద్దది, పండు కోలగ నుండి పండినపుడు తేనెవన్నె దాల్చును. గింజ యుండును. రసము తేటగ, తీయగ నుండును. నగరము చుట్టునున్న ఎఱ్ఱ చెలకలో, రాతి కడీలపై వేసిన పందిళ్లలో ఇది అమోఘముగ కాచెను. గ్రానైటు నేల నీరు నిలువనీయదు. పందిరి యెండదెబ్బ తగులనీయదు. బావి నీరు అందుబాటులో నుండెను. ఆ కాలమున హైదరాబాదు జిల్లా పందిళ్ల దిగుబడిని చూచి ద్రాక్షకు పుట్టినిల్లయిన దేశములవారును ఆశ్చర్యపడిరి. కర్ణాటకలో పెంచు దిల్ ఖుష్ అను రకము గూడ దీని కొమ్మనుండి ఎన్నికచేసినదే.

దీనిని మన దేశవాళి ద్రాక్ష యనవచ్చునా? బయటినుండి వచ్చినదే. కాని మన రైతు నూఱేండ్లు పెంచి, కత్తిరింపు నేర్చి, పేరు పెట్టి, మన నేలకు అలవాటు చేసినాడు. ఇటలీ తీగలలో గూడ పలుజాతులు పూర్వము గ్రీకులు సముద్రము దాటించి తెచ్చినవే యని చెప్పుదురు. వంశము కంటె నివాసమే ముఖ్యమని మా యభిప్రాయము.

అనాబెషాహితో ఆసవము చేసి ఎట్నావలె అమ్మరాదా యని అడుగువారికి సూటిగ చెప్పవలసియున్నది. అది తినుటకు పుట్టిన పండు. దాని రసములో కరిగియున్న ఘనపదార్థము, ముఖ్యముగ చక్కెర, నూటికి 14 నుండి 16 పాళ్లు. రసము పులిసినపుడు లీటరునకు సుమారు 17 గ్రాముల చక్కెర ఖర్చయిన గాని ఒక శాతము సారము పుట్టదు. ఈ లెక్కన అనాబెషాహి రసమునకు ఎనిమిది, తొమ్మిది శాతములకంటె బలము రాదు. అట్టిది నిలువ యుండదు. ఆసవమునకు పెంచు రకములలో చక్కెర ఇరువది పాళ్లు దాటవలెను. పండు చిన్నదై, రసమునకు తోలు పాలు హెచ్చుగ నుండవలెను. ఏలయన రంగు, వగరు, వాసన యన్నియు తోలులోనే యున్నవి. పెద్దపండులో రసము హెచ్చు, తోలు తక్కువ. బండివద్ద కొనువానికి ఏ గుణము మెప్పో, ఆసవశాలకు అదియే లోపము. పైగా మన రాష్ట్రమున ఆసవము చేయుటకు ఆబ్కారీ అనుమతి లేనిదే వీలుపడదు. కొనువాడెవ్వడో ముందుగ వ్రాతపూర్వకముగ తేలనిదే ఆసవపు రకము నాటవద్దని మా హెచ్చరిక. బండివద్ద అమ్ముటకు ఆ చిన్న పులుపు పండ్లు పనికిరావు.

మఱి నాసికు వారెట్లు నెగ్గిరి? వారిది నిక్కముగ అగ్నిశిలల నేలయే. పూర్వము అచ్చట భోక్రి, ఫక్డి, పండరీ సాహెబీ అను రకములు పండెడివి. గింజలేని థాంసన్ రకము వచ్చి వానిని త్రోసివేసెను. కావున పాతరకములను కాపాడుటలో వారును మనకు ఆదర్శము గారు. వారు నేర్చినది రెండు సంగతులు. మొదటిది నేలను లొంగదీయుట. లోతైన రేగడిని వదలి మొరము కలిసిన వాలు నేలలను ఎన్నుకొనిరి. ఎత్తుమళ్లు పోసిరి. బిందుసేద్యము పెట్టిరి. సున్నమును, ఉప్పునీటిని, నీటి యెద్దడిని ఓర్చు డాగ్‌రిడ్జ్ అను అడుగుమొక్కను నాటి దానిపై తమకు కావలసిన రకమును అంటుకట్టిరి. రెండవది కలిసి అమ్ముట. 1991లో పుణె కేంద్రముగ మహాగ్రేప్స్ అను సంస్థ యేర్పడెను. ఊరూరి ద్రాక్ష సహకార సంఘములే దానిలో భాగస్వాములు. చల్లని గదులు, డబ్బాలు కట్టు శాలలు సంఘములవి. విదేశపు బేరము, పరీక్షలు, ఓడ కిరాయి పై సంస్థ చూచుకొనును. అయిదెకరముల రైతు లండను వ్యాపారితో ఒంటరిగ బేరమాడలేడు. ఆసవశాలలు తరువాత వచ్చినవి. నాసికు లోయ ఆసవమనియు, నాసికు ద్రాక్ష యనియు భౌగోళిక గుర్తింపును గూడ వారు సంపాదించుకొనిరి. బెంగుళూరు నీలిద్రాక్షకును అట్టి గుర్తింపు గలదు.

మనచోట పందిళ్లు తఱిగిపోవుటకు కారణములు రైతులకు తెలియనివి గావు. నగరము పెరిగి తోటలున్నచోట ప్లాట్లు వెలసినవి. ఎకరము అమ్మిన సొమ్ము ముందు నూఱేండ్ల ద్రాక్ష పంట చిన్నదిగ కనబడెను. బావులు ఎండి బోర్లు లోతునకు పోయెను. బూజు తెగులునకు అనాబెషాహి మిక్కిలి లోబడునది గనుక మందుల ఖర్చు పెరిగెను. కొనువాడు గింజలేని పండు కోరెను. ఈ నాలుగింటిలో మొదటిదానిని ఎవ్వరును ఆపలేకపోయిరి. తోట అమ్ముకొన్న రైతును నిందించుట న్యాయము గాదు. కాని తోటతోబాటు పేరును గూడ అమ్ముకొంటిమి. అనాబెషాహి యని పేరు వ్రాసిన డబ్బాలో, గ్రేడు కట్టి, ఒక సంఘపు ముద్రతో అమ్ముటకు మనము గట్టి ప్రయత్నము చేసియుండినచో, నగరపు అంచున పోయిన తోట యేబది మైళ్ల అవతల మరల లేచియుండెడిదని మా నమ్మకము.

పేరును నిలుపుకొనుట సాధ్యమే యనుటకు దూరము పోనక్కరలేదు. తాండూరు ప్రాంతపు లోతైన నల్ల నేలలలో పండు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించెను. దరఖాస్తు పెట్టినది ఏ పెద్ద వర్తకుడును గాదు, యాలాల రైతు ఉత్పత్తిదారుల సంస్థ. పప్పు త్వరగ ఉడుకుటయు, రుచియు, నిలువయుండుటయు ఆ నేల గుణమని వారు నిరూపించుకొనిరి. రేగడికి తగిన పంటను, దాని పేరుతోనే అమ్ముట యన్న ఇదియే. ఇటలీవాడు తన బసాల్టు గుట్టపై గర్గానెగాను కాపాడుకొన్నట్లే తాండూరువారు తమ కందిని కాపాడుకొనుచున్నారు. రేగడి రైతు ఎట్నాను చూచి ద్రాక్షకు పరుగిడుటకంటె ముందుగ తాండూరును చూచుట మేలు.

ఇంతటితో ద్రాక్ష వేయనే వద్దని మా భావము గాదు. వేయదలచువారు మొదట మూడడుగుల గొయ్యి త్రవ్వి చూడవలెను. మూడడుగులును బంకమన్నే యయినచో ఆ చేను వదలుట మంచిది. అడుగున మొరము తగిలి, గోతిలో పోసిన నీరు ఒక రాత్రిలో ఇంకిపోయినచో యోచింపవచ్చును. మట్టిని పరీక్షకు పంపునపుడు సున్నపు శాతమును, బోరు నీటిలో ఉప్పును గూడ చెప్పుమని కోరవలెను. ఈ రెండును తెలియక సొంతవేరు మొక్క నాటినచో మూడవయేట ఆకులు పసుపెక్కును. ఎఱ్ఱ చెలక గలవారికి యీ చిక్కులు తక్కువ. అనాబెషాహికి పాత సొంతయిల్లు అదియే.

సలహాకు రాజేంద్రనగరు ద్రాక్ష పరిశోధన స్థానము గలదు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో ఉద్యానశాఖ కార్యాలయము గలదు. జనవరి ఒకటవ తేదీన ప్రారంభమగు నాంపల్లి నుమాయిషునకు వచ్చు రైతులు ఒక పూట ఆ కార్యాలయమునకు గూడ పోవచ్చును. 1938లో పబ్లిక్ గార్డెన్సులో మొదలై, 1946లో నేటి మైదానమునకు మాఱిన ఆ ప్రదర్శన దేశీయ సరకునకు పేరు తెచ్చుటకే పుట్టినది. అబిడ్సు చేరువనున్న ట్రూపుబజారులో రాష్ట్ర సహకార అపెక్సు బ్యాంకు గలదు. పందిరి పెట్టుబడి దీర్ఘకాలికమైనది గనుక స్వల్పకాలపు పంటఋణముతో పందిరి వేయుట ప్రమాదకరము. మొదటి రెండేండ్లు రాబడి యుండదని లెక్క వేసికొని వాయిదాలు కట్టించుకొనవలెను.

సంఘము పెట్టదలచువారు 1995 పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము క్రింద పెట్టుకొనవచ్చును. నియమావళిలో రెండు మాటలు తప్పక వ్రాయవలెను. సభ్యుడు తన పంట నంతయు సంఘమునకే తేవలెననుట యొకటి. బరువుతోబాటు తీపిని కొలిచి ధర కట్టుట రెండవది. చక్కెర కొలుచు చిన్న గాజు సాధనము చేతిలో పట్టునంతది. రెండు చుక్కల రసము వేసి వెలుగునకు చూచిన అంకె తెలియును. పండని గుత్తిని తొందరపడి కోసి మార్కెటును పాడుచేయు అలవాటు దానితో చాలవఱకు తగ్గును.

ఇంకను పాత అనాబెషాహి తీగలు పందిళ్లపై నిలిచియున్న సభ్యులకు ఒక విన్నపము. అక్టోబరు కత్తిరింపులో క్రింద పడవేయు ముదురు కొమ్మలే నాటుటకు పనికివచ్చు ముక్కలు. పెన్సిలు లావున, నాలుగైదు కన్నులు గలవానిని ఏరి, తెగులులేని తీగవి మాత్రమే కట్టలు కట్టి, తడిగోనెలో చుట్టి నీడను ఉంచవలెను. వానిని కుంపటికి వేయక అడిగినవారికి ఇండు.